కుడి చెయ్యి వేలాడేసుకుని బయటికొచ్చిన లైన్‌బ్యాకర్: పదే పదే వచ్చిన స్టింగర్ల కేసు

ఈ కేసు రాయడానికి కారణం ఒక్కటే. ఆటగాడికి ఒకే గాయం, స్టింగర్ (మెడ దగ్గర నరాలకు దెబ్బ తగిలి చెయ్యి జివ్వుమని తిమ్మిరెక్కడం), తొమ్మిదిసార్లు అయింది. మా జట్టు వైద్య రికార్డుల్లో మూడే ఉన్నాయి, ఆ మూడూ మూడు వేర్వేరు గాయాలుగా నమోదయ్యాయి. చికిత్స దారి తప్పింది అక్కడే.

ఆటగాడి పేరు, జట్టు, సంవత్సరం చెప్పను. అతన్ని గుర్తుపట్టే వీలు లేకుండా వారాల లెక్క, కొలతలు కొద్దిగా అటూఇటూ మార్చాను. నిర్ణయాలు, వాటి వెనక ఆలోచన, చేసిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ వైపు పదకొండు మంది. ముందు వరసలో భారీకాయులు, వాళ్ల వెనక నాలుగైదు గజాల దూరంలో లైన్‌బ్యాకర్లు, ఆ వెనక పాస్‌లు కాచేవాళ్లు. ముందు వరసలో నలుగురు, వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు ఉంటే 4-3 అంటారు. ముందు ముగ్గురు, వెనక నలుగురైతే 3-4. అందరినీ లైన్‌బ్యాకర్లనే పిలిచినా అంచున ఆడేవాడి పని వేరు, మధ్యలో ఆడేవాడి పని వేరు. 1981లో న్యూయార్క్ జెయింట్స్‌కు వచ్చిన లారెన్స్ టేలర్ అంచు నుంచి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకుపోయే రకం. షికాగో బేర్స్ డిక్ బట్కస్, బాల్టిమోర్ రేవెన్స్ రే లూయిస్ మధ్యలో నిలబడి, వచ్చేవాడిని వచ్చినట్టు ఎదుర్కొన్నవాళ్లు.

మెడ వైద్యానికి ఈ తేడా చాలా ముఖ్యం. అంచున ఆడేవాడు ఎదుటివాడిని ఎక్కువగా చేతులతో తోసి, పక్కనుంచి వంగి తప్పించుకుంటాడు. మధ్యలో ఆడేవాడి మీదికి ఎదుటి జట్టు ముందు వరసలోని 140 కిలోల గార్డో, దారి చేయడానికి ముందు పరుగెత్తే ఫుల్‌బ్యాకో నాలుగైదు గజాల ఊపుతో ఎదురుగా వస్తాడు. ఆ దెబ్బను భుజంతో కాచుకోవాలి.

మన ఆటగాడు కాలేజీలో 4-3లో అంచున ఆడాడు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్‌లో ఎంపికయ్యాడు. మొదటి రెండు సీజన్లూ ఎక్కువగా స్పెషల్ టీమ్స్‌లోనే, అంటే కికాఫ్ వెంబడి పరుగెత్తి పట్టుకునే పనిలో గడిచాయి. మూడో సీజన్‌లో మధ్యలో ఆడే సీనియర్‌కు మోకాలి లిగమెంట్ తెగడంతో, ఇతన్ని 3-4లో ఎడమవైపు ఇన్‌సైడ్ లైన్‌బ్యాకర్‌గా నిలబెట్టారు. డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపోలిస్‌లో పెట్టే కంబైన్‌లో జరిగిన వైద్యపరీక్ష కాగితాల్లో ఒక్క వాక్యం ఉంది: కాలేజీలో కుడివైపు రెండు స్టింగర్లు, పూర్తిగా తగ్గాయి.

ఒప్పందం సంగతి కూడా కేస్ హిస్టరీలో రాయాల్సిందే. డ్రాఫ్ట్‌లో వచ్చినవాడి తొలి ఒప్పందం నాలుగేళ్లది. జట్టులో ఉండేది 53 మంది. ఆరో రౌండ్ ఆటగాడికి మూడో ఏట మొదటిసారి చోటు దొరికితే, తర్వాతి ఒప్పందం విలువ తేలేది ఆ రెండు సీజన్ల ఆటను బట్టే. అలాంటివాడిని "చెయ్యి ఎలా ఉంది?" అని అడిగితే "బానే ఉంది" అంటాడు. అది అబద్ధం అనేకన్నా అతని పరిస్థితిలో వచ్చే సహజమైన జవాబు అనాలి. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా పరీక్ష చేస్తే ఆ తప్పు మనదే.

వచ్చిన సమస్య

ఆరో వారం మ్యాచ్. కుడివైపు నుంచి వచ్చిన లీడ్ బ్లాకర్‌ను కుడి భుజంతో ఆపాడు. లేచేటప్పటికి కుడి చెయ్యి వేలాడుతోంది. ఎడమ చేత్తో దాన్ని పొట్టకు ఆనించి పట్టుకుని బయటికొచ్చాడు. మెడ పక్కనుంచి బొటనవేలి దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమందని, తర్వాత మంట, తిమ్మిరి అని చెప్పాడు. నలభై సెకన్లలో మంట తగ్గింది.

ఇదే స్టింగర్. కొందరు బర్నర్ అంటారు. మెడలోంచి చేతికి వెళ్లే నరాల కట్ట బ్రేకియల్ ప్లెక్సస్. దాని పైభాగం, అంటే సీ5, సీ6 వేర్లు ఇందులో దెబ్బతింటాయి. దెబ్బ మూడు రకాలుగా తగులుతుంది. భుజం కిందికి, తల అవతలి పక్కకు పోతే నరం సాగుతుంది. తల వెనక్కి, అదే పక్కకు వాలితే వెన్నుపూసల మధ్య నరం బయటికొచ్చే కిటికీ మూసుకుపోయి నరం నలుగుతుంది. మూడోది, కాలర్ ఎముక పైన ఉండే మెత్తని చోట షోల్డర్ ప్యాడ్ అంచు నేరుగా గుద్దుకోవడం. కుర్రాళ్లలో మొదటిది ఎక్కువ, ఏళ్ల తరబడి ఆడినవాళ్లలో రెండోది ఎక్కువ.

సైడ్‌లైన్ దగ్గర పరీక్షకు ఒక వరస ఉంది. ముందుగా అడగాల్సింది కాళ్ల గురించి, రెండో చేతి గురించి. స్టింగర్ ఎప్పుడూ ఒక్క చేతిలోనే ఉంటుంది. రెండు చేతుల్లో తిమ్మిరి ఉన్నా, కాలు బరువెక్కినా అది వెన్నుపాము సంగతి. అప్పుడు ఇంకే పరీక్షా లేదు, మెడ కదలకుండా పట్టుకుని బోర్డు తెప్పించాలి. 2017 డిసెంబర్ 4న సిన్సినాటిలో పిట్స్‌బర్గ్ లైన్‌బ్యాకర్ రయాన్ షేజియర్ తల దించి, బంతి పట్టుకున్నవాడిని పడగొట్టే టాకిల్ చేసి, కాళ్లు కదపలేక పడిపోయిన దృశ్యం ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. తర్వాత మెడ ఎముక మధ్యలో నొక్కితే నొప్పి ఉందా, తనంతట తాను మెడ పూర్తిగా తిప్పగలడా చూడాలి. ఆ తర్వాతే బలం: చెయ్యి పక్కకు ఎత్తడం, మోచెయ్యి మడవడం, మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పడం, మణికట్టు ఎత్తడం, మోచెయ్యి చాపడం, పిడికిలి. మెడను వెనక్కి, పక్కకు వంచి పైనుంచి నొక్కే స్పర్లింగ్ పరీక్ష అన్నిటికన్నా చివర, అదీ ముందువన్నీ మామూలుగా ఉంటేనే.

మేము ఇవన్నీ చేశాం. కాళ్లు బాగున్నాయి, మెడ తిరిగింది, పది నిమిషాల్లో బలం 5కు 5 అని రాశాం. మళ్లీ ఆటలోకి పంపాం. ఆ రోజు తెలిసినదాన్నిబట్టి ఆ నిర్ణయాన్ని ఇప్పటికీ తప్పనలేను. కానీ ఆ "5కు 5" మీద అనుమానం రావాల్సింది. 105 కిలోల మనిషి భుజాన్ని మామూలు మనిషి చేత్తో నొక్కి చూస్తే, పావు వంతు బలం పోయినా ఆ చేతికి తెలియదు. పైగా ఈ గాయంలో బలహీనత కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి రెండు మూడు రోజులకు బయటపడుతుంది. ఆదివారం పరీక్ష సోమ, బుధ వారాల్లో మళ్లీ చేయకపోతే సగం పరీక్ష చేసినట్టే. సోమవారం అడిగాం, చేయలేదు.

చేసినవి, పనికిరానివి

తొమ్మిదో వారం మళ్లీ వచ్చింది. ఈసారి మంట రెండు నిమిషాలు ఉంది. ఐస్, నొప్పి మాత్రలు, ఆరు రోజుల మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ప్యాక్ ఇచ్చాం. నాలుగో రోజుకు మెడ నొప్పి పూర్తిగా పోయింది. మెడ నొప్పి పోవడాన్ని నరం కోలుకోవడంగా పొరబడ్డాం. స్టెరాయిడ్ వాపు తీసింది, చేతి బలం గురించి అది ఏమీ చెప్పలేదు.

రెండోది కౌబాయ్ కాలర్. షోల్డర్ ప్యాడ్ల కింద వేసుకునే మందపాటి ఫోమ్ కాలర్ అది, తల వెనక్కి పడకుండా హెల్మెట్‌ను వెనకనుంచి ఆపుతుంది. తల పక్కకు వంగడాన్ని మాత్రం దాదాపు ఆపదు. అందుకని సగం పనైనా చేస్తుందనుకున్నాం. వీడియో చూస్తే జరిగింది వేరు. కాలర్ వల్ల తల ఎత్తి చూడటం కష్టమై, అతను దెబ్బకు ముందు నడుము వంచే బదులు తల దించడం మొదలుపెట్టాడు. మెడకు సహజంగా ఉండే వంపు తల దించితే నిటారవుతుంది. అలా నిటారైన మెడ మీద నెత్తినుంచి బరువు పడితే దాన్ని తట్టుకునే దారి ఉండదు, వెన్నుపూస విరుగుతుంది. 1976లో కాలేజీ, హైస్కూల్ ఆటలో హెల్మెట్‌తో పొడవడాన్ని నిషేధించింది ఇందుకే. 2018లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ తల దించి ఢీకొనడాన్నే తప్పు చేసింది. చేతి తిమ్మిరి తగ్గించబోయి ప్రాణాంతకమైన అలవాటు నేర్పుతున్నామని అర్థమయ్యాక కాలర్ అదే వారం తీసేశాం.

మూడోది మెడ బలం. స్ట్రెంగ్త్ విభాగం బరువైన ష్రగ్‌లు పెంచింది. మెడ నుంచి భుజం దాకా ఉండే ట్రెపీజియస్ కండ పెరిగింది, చూడ్డానికి ఎద్దు మూపురంలా తయారైంది. కానీ ష్రగ్ భుజాన్ని చెవివైపు ఎత్తే కదలిక. తల పక్కకు విసురుగా పోతున్నప్పుడు దాన్ని పట్టి ఆపే కండకు అందులో పని లేదు.

పదకొండో వారం మూడో స్టింగర్ వచ్చింది. అప్పటికి మా ఎలక్ట్రానిక్ రికార్డులో మొదటిది "భుజం" కింద, రెండోది "మెడ" కింద, మూడోది "పైచెయ్యి" కింద ఉన్నాయి. ఆటగాడు ఎక్కడ పట్టుకుని చూపిస్తే, రాసేవాళ్లు ఆ శరీర భాగం ఎంచుకున్నారు. ఒక భాగం పేరుతో వెతికితే ఒక్కటే కనిపిస్తుంది. ఒకే సీజన్‌లో మూడు స్టింగర్లు వస్తే ఆపి ఎమ్మారై తీయాలన్నది అందరికీ తెలిసిన నియమమే. మూడు అని కనిపిస్తే కదా, ఆపేది!

గుట్టు విప్పింది డాక్టర్లూ కాదు, మేమూ కాదు. సామాన్ల గదిలో పనిచేసే ఒకాయన. ఆ శుక్రవారం ప్యాడ్లు బిగిస్తూ ఒక మాట అన్నాడు: "నెల రోజులుగా ఇతను కుడివైపు పట్టీ తను పెట్టుకోవట్లేదు, నన్ను పెట్టమంటున్నాడు." ప్యాడ్లను తలమీదుగా వేసుకునేటప్పుడు కూడా ఎడమ చేత్తోనే ఎత్తి, కుడి చెయ్యిని చివర్లో దూరుస్తున్నాడు. బాటిల్ ఎడమ చేత్తో పట్టుకుంటున్నాడు. ఇవన్నీ మా కళ్లముందే రోజూ జరుగుతున్నాయి.

ఆ సాయంత్రం బలం కొలిచే చేతి డైనమోమీటర్ తెచ్చి రెండువైపులా కొలిచాం. చెయ్యి పక్కకు ఎత్తే బలం ఎడమతో పోలిస్తే కుడివైపు 81 శాతం. ముంజేతిని బయటికి తిప్పే బలం 69 శాతం. వెనకనుంచి చూస్తే కుడి రెక్కఎముక మీద చిన్న గుంట, అంటే ఇన్‌ఫ్రాస్పైనేటస్ కండ కరిగింది. ఆ అంకెలు చూపించి, ఆరోపణలా కాకుండా, "మొత్తం ఎన్నిసార్లు?" అని అడిగితే తొమ్మిది అన్నాడు. ప్రాక్టీస్‌లో నాలుగు, మ్యాచ్‌ల్లో మాకు చెప్పనివి ఇంకో రెండు. ఆ రెండుసార్లూ కింద పడినచోటే బూటు తాడు కట్టుకుంటున్నట్టు ఒంగి, మంట తగ్గేదాకా ఆగి లేచాడట.

ఆపాలన్న నిర్ణయం

ఎమ్మారైలో వెన్నుపాము చుట్టూ ద్రవం బాగా కనిపించింది, పాములో మచ్చ లేదు. కుడివైపు సీ5, సీ6 పూసల మధ్య కిటికీ మాత్రం ఇరుకైంది, డిస్క్ ఉబ్బు కొంత, ఎముక పెరుగుదల కొంత. ఎక్స్‌రేలో టోర్గ్ నిష్పత్తి 0.8 కన్నా తక్కువ వచ్చింది. అది చూసి ఒకరిద్దరు కంగారుపడ్డారు. ఆ నిష్పత్తి వెన్ను కాలువ వెడల్పును పూస వెడల్పుతో భాగించేది. ఫుట్‌బాల్ ఆటగాళ్ల పూసలే పెద్దవి, కాబట్టి కాలువ మామూలుగా ఉన్నా నిష్పత్తి తగ్గుతుంది. ఎమ్మారైలో పాము చుట్టూ ఖాళీ ఎంత ఉందన్నదే నమ్మదగిన కొలత. ఒక అంకెను చూసి కెరీర్ ముగిసిందని చెప్పడం, ఒక అంకెను చూసి ఆడించడం, రెండూ తప్పే.

కండలో విద్యుత్ సంకేతాలు చూసే ఈఎంజీ పరీక్ష వెంటనే చేయలేదు. నరం తెగిన సంగతి కండలో కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ముందే చేస్తే మామూలుగా ఉందని వచ్చి తప్పుదోవ పట్టిస్తుంది. మూడు వారాలయ్యాక చేస్తే భుజం మీది డెల్టాయిడ్ కండలో, ఇన్‌ఫ్రాస్పైనేటస్‌లో కొద్దిపాటి నరనష్టం కనిపించింది.

దారులు నాలుగు. ఒకటి, ఇంజెక్షన్ ఇచ్చి మిగిలిన సీజన్ ఆడించడం. నొప్పి పోతే చెప్పేది ఇంకా తగ్గుతుంది, బలం రాదు, కాబట్టి వద్దనుకున్నాం. రెండోది కిటికీని వెడల్పు చేసే ఆపరేషన్, లేదా ఒక పూసను ఇంకోదానితో కలిపే ఫ్యూజన్. ఒకచోట ఫ్యూజన్ చేయించుకుని మళ్లీ ఆడినవాళ్లున్నారు. కానీ నరనష్టం కొద్దిగానే ఉంది, పాము బాగుంది, పైగా ఢీకొనే తీరు మారకపోతే ఆ పైపూస మీదో కిందపూస మీదో అదే కథ మొదలవుతుంది. మూడోది రిటైరవడం. నాలుగోది ఇంజ్యూర్డ్ రిజర్వ్, అంటే గాయపడినవాళ్ల జాబితాలో పెట్టి, బలం అంకెల్లో తిరిగొచ్చాకే మైదానంలోకి తేవడం. రిజర్వ్‌లో పెడితే కనీసం నాలుగు మ్యాచ్‌లు పోతాయి. ఇతని విషయంలో సీజన్ మొత్తం పోతుందని మొదటి రోజే చెప్పేశాం, నాలుగు వారాల ఆశ పెట్టి వారం వారం పొడిగించడం అన్యాయం.

లీగ్‌తో ఆటగాళ్ల సంఘం చేసుకున్న ఒప్పందం ప్రకారం బయటి డాక్టర్ అభిప్రాయం తీసుకునే హక్కు వాళ్లకుంది, ఖర్చు క్లబ్‌ది. మేమే వెళ్లమన్నాం. జట్టు వైద్యులు "ఆగు" అంటే ఆటగాడి మనసులో, వీళ్లు ఎవరి కోసం చెబుతున్నారన్న ప్రశ్న ఉంటుంది. బయటి స్పైన్ సర్జన్ కూడా అదే చెప్పాక సహకారం మారిపోయింది.

పనిచేసినవి

అన్నిటికన్నా ముందు పనిచేసింది వీడియో. కోచ్‌లు వాడే ఫుటేజీలో రెండు కోణాలుంటాయి, పక్కనుంచి ఒకటి, గోల్‌పోస్ట్ వెనకనుంచి ఒకటి. పక్క కోణంలో మెడ కనిపించదు. వెనక కోణంలో స్పష్టంగా కనిపిస్తుంది. మ్యాచ్‌ల్లో వచ్చిన ఐదింటిలో నాలుగింట్లో ఒకే చిత్రం. ఎడమవైపు ఇన్‌సైడ్ లైన్‌బ్యాకర్‌కు పరుగు బయటికి పోకుండా ఆపే పని ఉంటే, బయటి చెయ్యి, అంటే ఎడమ చెయ్యి, ఖాళీగా ఉంచుకోవాలి. కాబట్టి బ్లాకర్‌ను ఎప్పుడూ లోపలి భుజంతో, కుడి భుజంతోనే కాచుకుంటాడు. దెబ్బ తగిలిన క్షణంలో తల ఎడమకు వంగి, వెంటనే వెనక్కీ కుడికీ ఎగిరిపడుతోంది. ఒకే దెబ్బలో మొదట నరం సాగుతోంది, మరుక్షణం నలుగుతోంది. అంచున ఆడిన రోజుల్లో సమస్య ఇంతగా ఎందుకు లేదో అప్పుడు తేలింది. అతనికి జబ్బు చేసిందనే కన్నా, చోటు మారిందనడం సబబు.

ఆ ఐదింటిలో మిగిలిన అయిదోది టాకిల్ చేస్తుండగా వచ్చింది. పాతకాలం కోచింగ్‌లో పరుగెత్తేవాడి ముందువైపు తల పెట్టమనేవారు. అలా పెడితే తల అతని శరీరానికీ మన భుజానికీ మధ్య చిక్కుకుంటుంది. రగ్బీ పద్ధతిలో తల వెనకవైపు ఉంటుంది, దగ్గరి కాలు, దగ్గరి భుజం, కళ్లు తొడ మీద. సియాటిల్ సీహాక్స్ 2014లో వీడియో విడుదల చేసి ప్రచారం చేసింది ఈ పద్ధతినే. ఇతనికి హైస్కూల్ నుంచి ఉన్నది పాత అలవాటు.

సీజన్ మధ్యలో ఇది మార్చడం కుదరదు. సీజన్ మొత్తానికి ప్యాడ్లతో చేసే ప్రాక్టీస్‌లు 14కు మించవు. అందుకని అంతా ఆఫ్‌సీజన్‌కు పెట్టుకున్నాం.

మొదటి మూడు వారాలు మెడ మీద బరువే లేదు. వెల్లకిలా పడుకుని, మెడ కింద గాలి పట్టీ 20 మి.మీ. పాదరసం దగ్గర పెట్టి, గడ్డం మెల్లగా లోపలికి లాగి 22, 24, అలా 30 దాకా, ఒక్కోచోట 10 సెకన్ల చొప్పున పదిసార్లు. ముందరి పెద్ద కండ బిగుసుకుంటే తప్పు చేస్తున్నట్టే. భారీ మనిషికి ఇది చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది. 26 దాటేసరికి ఇతనికి గడ్డం వణికింది. దీనితోపాటు రెక్కఎముకను కిందికి లాగే కండలకు, ఛాతీ వెనకభాగం వెనక్కి వంగడానికి వ్యాయామాలు. నడుము పైభాగం వంగనివాడు మెడనే వంచుతాడు.

నాలుగో వారం నుంచి ఏడో వారం దాకా కదలకుండా ఒత్తే వ్యాయామం, ఆరు దిక్కుల్లో, గరిష్ఠ బలంలో సగంతో మొదలుపెట్టి 70 శాతం దాకా. ఎనిమిదో వారం నుంచి తలపట్టీకి బరువు కట్టి, పక్కకు మూడు సెకన్లు తీసుకుని మెల్లగా దించడం, 8 చొప్పున మూడు సెట్లు, వారానికి మూడు రోజులు. ముఖ్యం దించడమే. దెబ్బలో మెడ కండ చేసే పని బ్రేకు పని, అందుకే బ్రేకులాగే తయారుచేయాలి. పన్నెండో వారం నుంచి రబ్బరు బ్యాండును మొదట చెప్పి లాగడం, తర్వాత చెప్పకుండా లాగడం. నెత్తిని నేలకానించి చేసే రెజ్లర్ల బ్రిడ్జి మాత్రం మొదటి రోజు నుంచీ నిషేధం, ఇరుకైన కిటికీని ఇంకా మూసేది అదే.

బయటికి తిప్పే బలం మూడు నెలలకు 84 శాతం, ఆరు నెలలకు 95. నరం రోజుకు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, దాన్ని తొందరపెట్టే వ్యాయామం ఏదీ లేదు. 90 దాటకుండా ఢీకొనడం లేదన్నది ముందే రాసుకున్న షరతు. 84 దగ్గర కోచింగ్ వైపు నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు వాదించాల్సిన పని లేకుండా ఆ కాగితం కాపాడింది.

ఢీకొనడం నేర్పింది ఇలా: మోకాళ్ల మీద నుంచి పరుపు మీదికి, తర్వాత దొర్లే పెద్ద ఫోమ్ చక్రం మీదికి, తర్వాత నెట్టే బండి లాంటి స్లెడ్ మీదికి, తర్వాత సగం వేగంతో మనిషి మీదికి. బ్లాకర్ విషయంలో భుజానికి ముందు చేతులు. రెండు అరచేతుల మడమలు ఎదుటివాడి ఛాతీ మీద, బొటనవేళ్లు పైకి, మోచేతులు చాపి దూరం పెట్టి, తర్వాత విదిలించుకోవడం. అంచున ఆడేవాడికి పుట్టుకతో వచ్చినట్టుండే విద్యే ఇది, మధ్యలోకి వచ్చాక వదిలేశాడు. దాన్ని గుర్తుచేయడమే ఎక్కువ పని చేసిందని నా అంచనా.

ఇక అతనితో మేము చేసుకున్న ఒప్పందం. ఎంత చిన్న జివ్వుమనడమైనా నిమిషంలోపు చెప్పాలి, చెప్పినందుకు ఆ రోజు ఆట పోతుందేమో గానీ వారం పోదు. రికార్డులో ఇకపై శరీర భాగం ఏదైనా "స్టింగర్" అన్న ఒకే పేరు, పక్కన వరస సంఖ్య.

ఆగస్టులో మళ్లీ

శిక్షణ శిబిరం మూడో వారంలో పదోది వచ్చింది. టెక్నిక్ వీడియోలో బాగుంది, తల వెనకే ఉంది, చేతులే ముందు తగిలాయి. అలసట అనుకున్నాం, కానీ అది ఆ రోజు మూడో డ్రిల్లే. ఈసారి నొప్పి వేరే చోట మొదలైంది, మెడలో కాదు, కాలర్ ఎముక పైన. అక్కడ వేలితో తడితే బొటనవేలు జివ్వుమంది.

ప్యాడ్లు విప్పి చూస్తే సంగతి తెలిసింది. మేలో కొలతలు తీసినప్పుడు మెడ చుట్టుకొలత 43 సెంటీమీటర్లు. ఆగస్టుకు 45.5. మా వ్యాయామాలే మెడను లావు చేశాయి. చేతులు పైకెత్తినప్పుడు ప్యాడ్ల లోపలి అంచు మెడను నొక్కుతోంది, దెబ్బ తగిలితే అదే అంచు నరాల కట్ట మీదికి దిగుతోంది. వెడల్పాటి మెడ ఉన్న ప్యాడ్లు ఇచ్చి, భుజం చివరల కింద ఒక పొర ఫోమ్ పెట్టి అంచును పైకి లేపాం. చేతులు నిలువుగా ఎత్తినా రెండు వేళ్లు దూరాలి, అదే మా కొలమానం. అతను చెప్పింది ఇరవై సెకన్లలో. ఆ ఒక్కదానికి చాలా సంతోషించాం.

తెలుసుకున్నవి

బలాన్ని చేత్తో కాదు, పరికరంతో కొలవాలి, అదీ సీజన్‌కు ముందే రెండువైపులా. మొదటి అంకె లేకపోతే 69 శాతం దేనిలో శాతమో తెలియదు. మేము ఎడమతో పోల్చాం, కానీ కుడిచేతివాటం వాడికి కుడివైపే మొదట ఎక్కువ ఉండి ఉంటుంది, అంటే అసలు నష్టం ఇంకా పెద్దది.

ఆటగాడి చోటు మారితే కొత్తగా చేరినవాడిలా మళ్లీ పరీక్షించాలి. ఎటు నిలబడతాడు, ఏ భుజం వాడతాడు, మీదికి వచ్చేవాడి బరువెంత. ఇది కోచ్‌ను అడిగితే రెండు నిమిషాల్లో తెలిసేది.

సామాన్ల గది మనుషులు వారం సమావేశంలో కూర్చోవాలి. ఇప్పుడు కూర్చుంటున్నారు.

డల్లాస్ చుట్టుపక్కల హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడే పిల్లల తల్లిదండ్రులు, తెలుగువాళ్లు కూడా, కాలర్ కొనాలా అని అడుగుతుంటారు. ముందు ప్యాడ్లు సరిపోయాయో చూడమంటాను, తర్వాత టాకిల్ చేసేటప్పుడు వాడి కళ్లు ఎక్కడున్నాయో చూడమంటాను. ఎదిగే పిల్లల ప్యాడ్లు సీజన్ మధ్యలోనే సరిపోకుండా పోతాయి.

ఆటగాడు ఆ సీజన్‌లో ఇంకో స్టింగర్ లేకుండా ఆడాడు. మరుసటి ఏడు వేరే జట్టుకు వెళ్లాడు. అక్కడ 4-3లో వీక్‌సైడ్, అంటే ఎదుటి జట్టు మనుషులు తక్కువున్న వైపు నిలబడే లైన్‌బ్యాకర్, ముందు వరస కాపు కాస్తుంది కాబట్టి గార్డులు నేరుగా మీదికి రావడం తక్కువ. కిటికీ ఇరుకు మాత్రం అలాగే ఉంది, అది వయసుతో పెరుగుతుందని అతనికి తెలుసు. ఏడాదికోసారి ఎమ్మారై, బలం 90 కన్నా తగ్గితే ఆపేయాలన్న షరతు అతని సంతకంతో ఫైల్లో ఉన్నాయి. ఫైలుతోపాటు కొత్త జట్టు సామాన్ల గదికి ఇంకో కాగితం విడిగా పంపాం: మెడ 45.5 సెం.మీ., కొలిచిన తేదీ, నెలకోసారి మళ్లీ కొలవాలి.